కొత్త గాయకులు, ఆడియో కంపెనీలు, అగ్రిమెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో నాకో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. పాట అయిపోయి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాక, చాలామంది పిల్లలు తలుపు దగ్గర ఆగి ఒకటే మాట అడుగుతారు: "అన్నా, ఒక కంపెనీ వాళ్ళు మెసేజ్ పెట్టారు. అగ్రిమెంట్ పంపిస్తారట. సైన్ చేయమంటావా?" నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. కొత్తవాళ్ళని తీసుకునే పద్ధతి మొత్తం మారిపోయింది, అగ్రిమెంట్లలోని షరతులు మాత్రం చాలాచోట్ల పాతవే. అందుకని ఎక్కువగా వినే ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను లాయర్‌ని కాదు. సంతకానికి ముందు కాపీరైట్ తెలిసిన లాయర్‌కి కాగితం చూపించండి. ఆయన దగ్గరికి వెళ్ళేలోపు మీకు తెలిసి ఉండాల్సిన సంగతులు ఇవి.

ఆడియో కంపెనీ, లేబుల్, డిస్ట్రిబ్యూటర్... అన్నీ ఒకటేనా?

కాదు. మనం ఆడియో కంపెనీ అనేదాన్నే మ్యూజిక్ లేబుల్ అంటారు. ఆదిత్య మ్యూజిక్, లహరి, సరిగమ, టీ-సిరీస్, సోనీ మ్యూజిక్ లాంటివి. రికార్డింగ్ మీద హక్కు వీళ్ళు కొనుక్కుంటారు, లేదా కొన్నేళ్ళకి తీసుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ పని వేరు. మీ పాటని స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ లాంటి చోట్లకి చేర్చి, వచ్చిన డబ్బులో తన కమిషన్ గానీ, ఏడాదికింత అని ఫీజు గానీ తీసుకుని మిగతాది మీకు పంపుతాడు. హక్కు మీ దగ్గరే ఉంటుంది.

అయితే పేరు చూసి నమ్మకండి. డిస్ట్రిబ్యూటర్‌నని చెప్పి హక్కులన్నీ రాయించుకున్నవాళ్ళని చూశాను. కాగితంలో 'అసైన్' అనే మాట ఉందా, 'లైసెన్స్' అనే మాట ఉందా చూడండి. అసైన్ అంటే పొలం అమ్మేయడం. లైసెన్స్ అంటే కౌలుకి ఇవ్వడం. మిగతా ముప్పై పేజీలూ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

పాతకాలంలో కొత్త గొంతుని ఎవరు, ఎలా ఎంచుకునేవాళ్ళు?

మన దేశంలో ఈ కథ 1902లో మొదలైంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, ఆ నవంబరులో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. వాటిని జర్మనీలోని హానోవర్‌లో రికార్డులుగా అచ్చు వేయించి, ఓడల్లో తిరిగి తెప్పించి అమ్మారు. అప్పటికే ఆమె మెహ్‌ఫిల్‌లలో గొప్ప పేరున్న గాయని. అంటే కంపెనీలు పేరున్నవాళ్ళ వెంట పడటం కొత్తేమీ కాదు. కాకపోతే రికార్డింగ్ మిషన్లు, ఓడ ఖర్చు, అమ్మకం అన్నీ కంపెనీవే. పాట పోయినా గాయని జేబులోంచి పైసా పోదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కిందకి వెళ్ళేకొద్దీ పనికొస్తుంది.

తెలుగులో తొలి రికార్డుల్లో నాటక పద్యాలకి పెద్ద చోటు ఉండేది. రంగస్థలం మీద వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న నటుల పద్యాలనే కంపెనీలు రికార్డు చేశాయి. చిన్నపిల్లల గొంతుల మీదా నమ్మకం పెట్టారు: రావు బాలసరస్వతీదేవి హెచ్.ఎం.వి.కి తొలి రికార్డు ఇచ్చినప్పుడు ఆమెకి ఆరేళ్ళు. తర్వాత ఘంటసాల పాడిన పుష్పవిలాపం, 1974లో ఆయన పోయాక విడుదలైన భగవద్గీత, ఇవేవీ సినిమా పాటలు కావు. 'ప్రైవేటు రికార్డులు' అనేవాళ్ళు. ఇవాళ 'ఇండిపెండెంట్ మ్యూజిక్' అంటున్నదానికి మన ఇంట్లో ఉన్న పాత పేరు అదే.

పాశ్చాత్య దేశాల్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక ఉద్యోగం ఉండేది. దాన్ని 'ఏ అండ్ ఆర్' అంటారు. క్లబ్బులు తిరిగి, పాటలు విని, ఫలానా వాడిలో సరుకుందని కంపెనీని ఒప్పించడం ఆ మనిషి పని. కొలంబియా కంపెనీలో జాన్ హామండ్ అలాంటివాడు. 1961లో బాబ్ డిలాన్‌ని సైన్ చేయించాడు. మొదటి ఆల్బమ్ కొన్ని వేలే అమ్ముడుపోయింది. 'హామండ్ చేసిన తెలివితక్కువ పని' అని ఆఫీసులోనే చెప్పుకున్నారు. అయినా వదల్లేదు. 1972లో ఆయనే తెచ్చిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కి మూడో ఆల్బమ్‌తో, 1975లో గానీ పెద్ద పేరు రాలేదు. ఇవాళ మూడు పాటలు ఆడకపోతే నాలుగోదానికి ఫోన్ ఎత్తనివాళ్ళు ఎక్కువ. హామండ్ లాంటి ఓపిక ఇప్పుడు ఎక్కడో గానీ కనిపించదు. నాకు నిజంగా బాధ కలిగించే మార్పు అది.

ఆ పద్ధతిలోనూ లోపం ఉంది. నిర్ణయం ఒక్కరిద్దరి చెవుల మీద ఆధారపడేది. 1962 జనవరి 1న లండన్‌లో డెక్కా కంపెనీ బీటిల్స్‌ని ఆడిషన్ చేసి వద్దంది. ఆ ఏడాదే పార్లొఫోన్ లేబుల్‌లో జార్జ్ మార్టిన్ వాళ్ళని తీసుకున్నాడు. అలా రెండో తలుపు దొరకనివాళ్ళ పాటలు మనదాకా రానేలేదు.

మన తెలుగులో కంపెనీలు గాయకుల్ని అలా సైన్ చేసినట్టు విన్నదే తక్కువ. ఎందుకని?

మన దగ్గర కంపెనీలు గాయకుడిని కాదు, సినిమాని సైన్ చేశాయి కాబట్టి. నిర్మాత సినిమా తీస్తాడు, ఆడియో హక్కులు కంపెనీకి అమ్ముతాడు. గాయకుడిని ఎంచుకునేది సంగీత దర్శకుడు. పాడినందుకు ఒకసారి డబ్బు ఇస్తారు, అంతే. కంపెనీకీ గాయకుడికీ మధ్య నేరుగా కాగితమే ఉండేది కాదు. అందుకే మన దగ్గర కొత్త గొంతు వెలుగులోకి రావాలంటే దారి కంపెనీ ఆఫీసు కాదు, సంగీత దర్శకుడి దగ్గర ట్రాక్ పాడటం, అంటే అసలు గాయకుడు వచ్చి పాడేదాకా నమూనాగా పాడిపెట్టడం. ట్రాక్ సింగర్‌గా పాడిన గొంతు నచ్చి, ఆ పాటనే ఉంచేసిన సందర్భాలు ఎన్నో.

1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన పాడుతా తీయగా ఇంకో దారి తెరిచింది. ఆ వేదిక మీంచి వచ్చిన ఎంతోమంది సినిమాల్లో పాడారు. ఆ తర్వాత జాతీయ స్థాయిలో ఇండియన్ ఐడల్ వచ్చింది. 2010లో మన శ్రీరామచంద్ర గెలిచాడు. 2022లో ఆహాలో తెలుగు ఇండియన్ ఐడల్ మొదలైంది, తొలి విజేత వాగ్దేవి. జడ్జీలు, ఓట్లు కలిసి ఒకరిని ఎంచుతారు. ఒకప్పుడు హామండ్ చేసిన పనిని టీవీ చేసిందన్నమాట. కాకపోతే ఓపికగా మూడో ఆల్బమ్ దాకా ఆగే బాధ్యత టీవీకి లేదు. వచ్చే సీజన్‌కి కొత్త ముఖాలు సిద్ధంగా ఉంటాయి.

క్యాసెట్ల కాలంలో ఏమైనా మారిందా?

బాగానే మారింది. రికార్డు అచ్చు వేయాలంటే ఫ్యాక్టరీ కావాలి, క్యాసెట్ కాపీ చేయడం చాలా చవక. 1983లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పెట్టి, తక్కువ ధరకి, కిరాణా కొట్టులో కూడా క్యాసెట్లు అమ్మించాడు. పాత హిట్ పాటల్ని కొత్త గొంతులతో పాడించి అమ్మే పద్ధతి పెరిగింది. కొత్తవాళ్ళకి పని దొరికింది. హక్కులు మాత్రం దొరకలేదు. మన ఊళ్ళల్లోనూ భక్తి పాటలు, జానపదాలు, బుర్రకథలు క్యాసెట్లుగా వచ్చాయి. పాడినవాళ్ళలో చాలామందికి చేతిలో పెట్టిన డబ్బు తప్ప ఏ కాగితమూ మిగల్లేదు.

అసలు మార్పు ఎప్పుడొచ్చింది?

1999లో నాప్‌స్టర్ వచ్చింది. పాటలు ఉచితంగా కాపీ అవడం మొదలయ్యాక ప్రపంచంలోని పెద్ద కంపెనీల ఆదాయం పదిహేనేళ్ళపాటు తగ్గుతూ పోయింది. డబ్బు తగ్గినప్పుడు మొదట కోత పడేది కొత్తవాళ్ళ మీదే. పది మందిని తీసుకుని ఇద్దరు గెలిస్తే చాలన్న లెక్క పోయి, గెలిచినవాళ్ళనే తీసుకుందామన్న లెక్క వచ్చింది.

మన దగ్గర మలుపు 2016 సెప్టెంబరు 5. జియో మొదలైన రోజు. డేటా చవకయ్యాక పల్లెలో కూడా యూట్యూబే రేడియో అయింది. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు, వారం పది రోజులకే రీల్స్ వచ్చాయి. ఇంట్లో ల్యాప్‌టాప్, ఒక మైకు, ఒక సౌండ్ కార్డు ఉంటే పాట తయారవుతుంది. వినేవాళ్ళని వెతుక్కోవడానికి కంపెనీ అవసరం పోయింది.

ఇప్పుడు కంపెనీలు ఏం చూసి ఫోన్ చేస్తాయి?

లెక్కలు చూసి. వ్యూస్ ఒక్కటే కాదు. పాటని మధ్యలో వదిలేయకుండా ఎంతమంది చివరిదాకా విన్నారు, మళ్ళీ ఎంతమంది వెతుక్కుని వచ్చారు, ఎంతమంది సేవ్ చేసుకున్నారు, మీ గొంతు మీద ఎంతమంది రీల్స్ చేశారు, ఏ ఊళ్ళో ఎక్కువ వింటున్నారు. 2018లో వార్నర్ మ్యూజిక్ సోడాటోన్ అనే సంస్థనే కొనేసింది. ఇంటర్నెట్ లెక్కలు చూసి ఎవరు ఎదుగుతున్నారో ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ళది.

అమెరికా ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ కథ వింటే ఈ కాలం అర్థమవుతుంది. ఇంటర్నెట్‌లో 30 డాలర్లకి ఒక బీట్, అంటే పాడుకోవడానికి సిద్ధంగా ఉన్న సంగీతం, కొన్నాడు. 2018 డిసెంబరులో పాట పెట్టాడు. టిక్‌టాక్‌లో అది అంటుకుంది. మార్చికల్లా కొలంబియా అతన్ని సైన్ చేసింది. ఆ పాట అమెరికా చార్ట్‌లో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. డిలాన్‌ని తీసుకున్నదీ, ఇతన్ని తీసుకున్నదీ ఒకటే కంపెనీ. అప్పుడు జనం వినకముందే సంతకం పెట్టించింది, ఇప్పుడు జనం విన్నాక వచ్చింది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పెద్ద కంపెనీలు డిస్ట్రిబ్యూటర్లని కొంటున్నాయి. సోనీ 2021లో అవాల్‌ని కొంటున్నట్టు ప్రకటించింది. వార్నర్ 2023లో చెన్నైలోని డివోలో ఎక్కువ వాటా తీసుకుంది. వీటివల్ల వ్యాపారంతోపాటు సమాచారం కూడా దొరుకుతుంది: ఏ కుర్రాడి పాట ఏ జిల్లాలో ఎక్కుతోందో అందరికంటే ముందు తెలుస్తుంది.

వ్యూస్ కొనుక్కుంటే కంపెనీల కంట్లో పడతామా?

వద్దు. కొన్న వ్యూస్‌కి కామెంట్లు ఉండవు, చివరిదాకా విన్నవాళ్ళు ఉండరు, ఎక్కడెక్కడి దేశాల్లోంచో వస్తాయి. లెక్కలు చూసేవాళ్ళకి అది నిమిషంలో తెలిసిపోతుంది. పాటని ప్లాట్‌ఫారమ్ తీసేసే ప్రమాదం కూడా ఉంది.

తెలంగాణ ఫోక్ పాటలు యూట్యూబ్‌లో అంతలా ఆడుతున్నాయి కదా, పాడేవాళ్ళకి ఏమొస్తోంది?

నా మనసుకి దగ్గరైన ప్రశ్న ఇది. ఆర్మూరు నుంచి, జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చి నా దగ్గర పాడినవాళ్ళు ఉన్నారు. పెద్ద ఆడియో కంపెనీలు ఎన్నడూ పట్టించుకోని పాటలకి, యూట్యూబ్ చానెళ్ళు కొత్త కంపెనీలయ్యాయి. మంగ్లీ టీవీ యాంకర్‌గా మొదలై, బతుకమ్మ, బోనాల పాటలతో యూట్యూబ్‌లో ఇంటింటికీ తెలిసి, ఆ తర్వాత సినిమాల్లోకి వెళ్ళింది. చౌరస్తా బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న రామ్ మిరియాల తర్వాత సినిమా పాటలతో ఇంకా ఎత్తుకి వెళ్ళాడు. 2021లో మోహన భోగరాజు పాడిన బుల్లెట్టు బండి పాట మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో చేసిన డాన్స్‌తో రాష్ట్రమంతా పాకింది. ఆమె అప్పటికే సినిమా గాయని, నిజమే. కానీ ఆ పాటకి సినిమా లేదు, హీరో లేడు, ఆడియో ఫంక్షన్ లేదు.

ఇక డబ్బు సంగతి. చాలా చానెళ్ళలో లెక్క ఇలా ఉంటుంది: పాటకి ఇంత అని ఒకసారి ఇస్తారు, హక్కులు చానెల్‌వి. పాట కోటి వ్యూస్ దాటినా గాయనికి అదే మొత్తం. రాసినవాళ్ళకి మరీ అన్యాయం. కొన్నిచోట్ల పేరు కూడా డిస్క్రిప్షన్‌లో ఆఖరి వరుసలో ఉంటుంది. చానెల్ పెట్టినవాళ్ళు కూడా చిన్నవాళ్ళే, అప్పు చేసి షూటింగ్ చేస్తారు, ఆ కష్టం నాకు తెలుసు. అందుకే మొత్తం హక్కు అడగమని చెప్పను. ఖర్చు వెనక్కి వచ్చాక మిగిలినదాంట్లో వాటా అడగండి. నలుగురైదుగురు అడిగితే పద్ధతి అవుతుంది. ఒక్కరే అడిగితే 'వీళ్ళతో గొడవ' అంటారు. గాయకులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని రేటు, వాటా ఒకేలా అడగడం మొదలుపెట్టాలని నా కోరిక.

ఇంకోటి. ఊళ్ళో అమ్మమ్మలు పాడే పాటని తెచ్చి, ట్యూన్ కొంచెం మార్చి, 'రచన: ఫలానా' అని వేసుకోవడం జరుగుతోంది. అది ఎవరి దగ్గర విన్నారో చెప్పడం కనీస మర్యాద.

అడ్వాన్స్ ఇస్తామంటున్నారు. అది మనకి మిగిలిపోయే డబ్బేనా?

సాధారణంగా అడ్వాన్స్ మీ రాయల్టీలోంచే, అంటే పాట ఆదాయంలో మీకు రావాల్సిన వాటాలోంచే, కోసుకుంటారు. వెనక్కి కట్టక్కర్లేని అప్పు లాంటిది. పాట ఆడకపోతే మీరు తిరిగి ఇవ్వక్కర్లేదు, ఆడితే మాత్రం ముందు అది తీరాలి. లెక్క వేసి చూడండి. మీకు 5 లక్షల అడ్వాన్స్ ఇచ్చారు, రాయల్టీ 20 శాతం. పాట మీద కంపెనీకి 5 లక్షలు రాగానే మీ బాకీ తీరిందనుకుంటారు చాలామంది. కాదు. 20 శాతం లెక్కన మీ వాటా 5 లక్షలు కావాలంటే కంపెనీకి 25 లక్షలు రావాలి. ఈలోపు వీడియో ఖర్చు, ప్రమోషన్ ఖర్చు కూడా మీ ఖాతాలోనే రాస్తే ఆ గీత ఇంకా దూరం జరుగుతుంది. ఏ ఖర్చులు మన ఖాతాలోకి వస్తాయో, వాటికి మన అనుమతి కావాలో వద్దో కాగితంలో ఉండాలి.

'360 డీల్' అంటే ఏమిటి?

పాటల ఆదాయంలోనే కాదు, స్టేజ్ షోలు, యాడ్స్, మీ పేరుతో అమ్మే వస్తువులు అన్నిట్లోనూ కంపెనీకి వాటా ఇవ్వడం. క్యాసెట్లు, సీడీల ఆదాయం పడిపోయినప్పుడు వచ్చిన ఆలోచన ఇది. 2002లో ఇంగ్లండు గాయకుడు రాబీ విలియమ్స్‌కి ఈఎంఐ అనే ఆడియో కంపెనీ ఇచ్చిన 8 కోట్ల పౌండ్ల అగ్రిమెంట్ ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది. మన దగ్గర గాయకుల బతుకంతా షోల మీదే. అమెరికాలో తెలుగు సంఘాల వేడుకలు, కాలేజీ ఫెస్ట్‌లు, పెళ్ళి సంగీత్‌లు. కంపెనీ మీకు షోలు తెచ్చిపెడుతుంటే వాటా అడగడంలో న్యాయం ఉంది. మీరు తెచ్చుకున్న షోలోనూ వాటా అడిగితే ఒప్పుకోకండి. 'కంపెనీ ద్వారా వచ్చిన షోలకి మాత్రమే' అనే మాట రాయించండి.

మాస్టర్ హక్కులు ఎందుకంత ముఖ్యం?

మాస్టర్ అంటే ఆ రికార్డింగే. దాని హక్కు ఎవరిదైతే, స్ట్రీమింగ్ డబ్బు, సినిమాకో యాడ్‌కో ఇచ్చినప్పుడు వచ్చే డబ్బు వాళ్ళకి వెళ్తుంది. మన చట్టంలో రికార్డింగ్ మీద కాపీరైట్ విడుదలయ్యాక 60 ఏళ్ళు ఉంటుంది. ఇరవై ఏళ్ళ వయసులో సంతకం పెడితే మీ మనవళ్ళ కాలందాకా.

టేలర్ స్విఫ్ట్ 2005లో, పదిహేనేళ్ళ వయసులో బిగ్ మెషీన్‌తో సంతకం పెట్టింది. తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు కంపెనీవి. 2019లో కంపెనీ చేతులు మారింది, మాస్టర్లూ మారాయి. ఆమె 2021 నుంచి ఆ ఆల్బమ్‌లని మళ్ళీ పాడి విడుదల చేయడం మొదలుపెట్టింది. చివరికి 2025 మేలో పాతవాటినీ కొనుక్కుంది. అంత డబ్బు, అంత అభిమానులు ఉన్న మనిషికే ఇరవై ఏళ్ళు పట్టింది. ఆమె చేసింది చూశాక కొత్త అగ్రిమెంట్లలో 'మళ్ళీ రికార్డు చేయకూడదు' అనే గడువు పెంచుతున్నారు. మీ కాగితంలో ఆ గడువు ఎన్నేళ్ళో వెతకండి.

మన దగ్గర చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి కర్త దాని నిర్మాత, అంటే చొరవ తీసుకుని బాధ్యత మోసిన మనిషి. మీ డబ్బుతో, మీ పూనికతో స్టూడియోలో పాట చేయించుకుంటే ఆ రికార్డింగ్ నిర్మాత మీరే, మొదటి హక్కుదారు మీరే. స్టూడియో బిల్లులు, ప్రోగ్రామింగ్ చేసినవాళ్ళకి పంపిన డబ్బు రసీదులు దాచుకోండి. విత్తనం, ఎరువు, నీళ్ళు, కూలి అన్నీ మీరే పెట్టుకున్న పంట అది. కోతకొచ్చాక వచ్చినవాళ్ళకి పంటలో వాటా ఇవ్వండి, పొలం మాత్రం రాసివ్వకండి. పాతకాలంలో కంపెనీ హక్కులన్నీ తీసుకుందంటే, నష్టమూ అదే మోసింది. ఇవాళ ఆ నష్టం మోస్తున్నది మీరు. అగ్రిమెంట్ కూడా దానికి తగ్గట్టు మారాలి.

మరి ఎలాంటి అగ్రిమెంట్ మంచిది?

మీకు ఇప్పటికే వినేవాళ్ళు ఉంటే లైసెన్స్. మూడు నుంచి ఏడేళ్ళ గడువు, ఒక్కో పాటకి విడివిడిగా, గడువయ్యాక హక్కు మీకు తిరిగి వచ్చేలా. ఏమీ లేని దశలో, కంపెనీ నిజంగా ఖర్చు పెట్టి వీడియో తీసి, ఏడాదిలో ఇన్ని పాటలు విడుదల చేస్తామని రాసిస్తే, ఎక్కువ గడువుకి ఒప్పుకోవడం తప్పేమీ కాదు. తిరస్కరించాల్సింది ఒకటే: కంపెనీ వైపు ఏ బాధ్యతా రాయకుండా మీ వైపు అన్నీ రాసిన కాగితం. 'తర్వాతి ఐదు పాటలకి మొదటి హక్కు మాదే' లాంటి వాక్యాలు సాధారణంగా మధ్య పేజీల్లో ఉంటాయి. అక్కడ నెమ్మదిగా చదవండి.

చట్టం మనకేమైనా రక్షణ ఇస్తుందా?

ఇస్తుంది, మనం వాడుకోవడం తక్కువ. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. రాజ్యసభలో హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా మాట్లాడారు. పాట రాసినవాళ్ళు, ట్యూన్ కట్టినవాళ్ళు తమ రాయల్టీ హక్కుని కంపెనీకి వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. వారసులకి గానీ, కాపీరైట్ సొసైటీకి (హక్కుదారుల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థకి) గానీ తప్ప దాన్ని ఇవ్వడానికి లేదు. గాయకులకీ వ్యాపార వినియోగంలో రాయల్టీ హక్కు ఉంది.

రాసేవాళ్ళు, ట్యూన్ కట్టేవాళ్ళు ఐపీఆర్ఎస్ అనే సొసైటీలో చేరాలి. గాయకులు, వాద్యకారులు ఇసామ్రా (ISAMRA) అనే సొసైటీలో చేరాలి. మీరే రాసి, ట్యూన్ కట్టి, పాడితే రెండింట్లోనూ చేరొచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పదిమందిని అడిగితే ఒక్కరు చేరి ఉండటం కష్టం. డబ్బు పోగవుతుంది, తీసుకునే పేరు లేదు.

సెక్షన్ 19 కూడా తెలుసుకోండి. హక్కు ఇచ్చేది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళని, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికే అని లెక్క. అందుకే కంపెనీ కాగితాల్లో 'ప్రపంచమంతా', 'శాశ్వతంగా' అని తప్పకుండా రాస్తారు. కొట్టేయమని అడగాల్సింది ఆ రెండు మాటలే.

సైన్ చేశాను, పాట విడుదల చేయడం లేదు. ఏం చేయాలి?

ఈ టెన్షన్ ఎంత దారుణమో నేను దగ్గర నుంచి చూశాను. వేరేచోట పాడటానికి లేదు, ఇక్కడ పాట బయటికి రాదు. ఇంగ్లండులో రే అనే గాయని 2014లో, పదిహేడేళ్ళ వయసులో పాలిడార్‌తో నాలుగు ఆల్బమ్‌లకి సంతకం పెట్టింది. ఏడేళ్ళయినా ఒక్క ఆల్బమ్ విడుదలకీ ఒప్పుకోలేదని 2021లో బయటికి చెప్పేసింది. కంపెనీ నుంచి బయటపడింది. 2023లో సొంతంగా ఆల్బమ్ తెచ్చింది. 2024 బ్రిట్ అవార్డుల్లో ఒక్క రాత్రిలో ఆరు గెలిచింది.

మన చట్టంలో, హక్కు తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే ఆ హక్కు రద్దయినట్టే, అగ్రిమెంట్‌లో ఇంకోలా రాసి ఉంటే తప్ప. ఆ 'తప్ప' దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. కాబట్టి సంతకానికి ముందే 'ఇన్ని నెలల్లో విడుదల చేయకపోతే హక్కు గాయకుడికి తిరిగి వస్తుంది' అని రాయించండి. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే, ఫోన్‌లో బతిమాలడం ఆపి ఈమెయిల్‌లో అడగండి. తేదీలతో రాతపూర్వకంగా ఉన్నదే రేపు లాయర్‌కి పనికొస్తుంది.

కంపెనీయే మనల్ని డబ్బు కట్టమంటే?

కట్టకండి. కిందటేడు ఒక అబ్బాయి 'ప్రమోషన్ ప్యాకేజీ' పేరుతో అరవై వేలు కట్టి, అగ్రిమెంట్‌లో పాట హక్కు కూడా రాసిచ్చి వచ్చాడు. డబ్బూ పోయింది, పాటా పోయింది. డబ్బు తీసుకుని పని చేసేవాళ్ళు పబ్లిసిటీ ఏజెన్సీ. వాళ్ళకి ఫీజు ఇవ్వొచ్చు, హక్కు ఇవ్వాల్సిన పని లేదు.

అసలు కంపెనీ లేకుండా బతకలేమా?

పాట విడుదల చేయడానికి అక్కర్లేదు. ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్ లాంటివి ఉన్నాయి. స్ట్రీమింగ్ డబ్బు మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటని ఏడాదిలో కనీసం 1,000 సార్లు వింటేగానీ రాయల్టీ లెక్కలోకి రాదు. కంపెనీ ఇంకా బాగా చేయగలిగే పనులు ఉన్నాయి: సినిమా వాళ్ళతో పరిచయం, పెద్ద ప్లేలిస్టులు, టీవీ, వేరే భాషల్లోకి తీసుకెళ్ళడం, ఎవరైనా పాట దొంగిలిస్తే నోటీసు పంపే శక్తి. ఒక్క పాటకి లైసెన్స్ ఇచ్చి చూడండి. వాళ్ళ పని నచ్చితే రెండోది.

అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకి దారి వేరా?

దారి వేరే కానీ ప్రశ్న ఒకటే. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన రాజకుమారి, అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు, పెద్ద కంపెనీలతో పనిచేసి, తర్వాత గాడ్‌మదర్ రికార్డ్స్ పేరుతో సొంత లేబుల్ పెట్టుకుంది. 2023లో ది బ్రిడ్జ్ ఆల్బమ్ వచ్చింది. అక్కడ కాగితం రాసేది అక్కడి చట్టం ప్రకారం కాబట్టి, పైన నేను చెప్పిన సెక్షన్లు వర్తించవు. అక్కడి లాయర్‌నే అడగాలి.

ఏఐ గురించి అగ్రిమెంట్‌లో ఏమైనా చూడాలా?

తప్పకుండా. 'ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని సాంకేతిక పద్ధతుల్లో' అనే వాక్యం పాత కాగితాల్లోనూ ఉంది. ఇప్పుడు దాని అర్థం మీ గొంతుని మిషన్‌కి నేర్పించడం దాకా వెళ్ళొచ్చు. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతుని ఏఐతో అనుకరించడాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేరున్న గాయకుడు కోర్టుకి వెళ్ళగలిగాడు. మీరు మాత్రం 'గాయకుడి గొంతుని ఏఐ శిక్షణకి గానీ, అనుకరణకి గానీ విడిగా రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు' అని ముందే ఒక వాక్యం పెట్టించుకోండి.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. రీల్ వైరల్ అయింది, కంపెనీ వాళ్ళు ఇంటికొచ్చారు. మేం సంతకం పెట్టొచ్చా?

పద్దెనిమిది నిండని పిల్లలు చేసుకున్న ఒప్పందం మన దేశంలో చెల్లదు. అందుకే వాళ్ళు మీ సంతకం అడుగుతున్నారు. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపండి, ఆ రోజే సంతకం పెట్టకండి. 'రేపటికల్లా కావాలి' అన్నారంటే అదే మరో వారం ఆగడానికి కారణం. ఒక్క పాటకి, ఏడాది రెండేళ్ళ లైసెన్స్ చాలు. పరీక్షల రోజుల్లో రికార్డింగ్, షూటింగ్ ఉండవని రాయించండి. డబ్బు అమ్మాయి పేరు మీద ఖాతాలో పడాలి. గొంతు ఇంకా మారే వయసు, వరుసపెట్టి టేకులు తీసి అలసిపోనివ్వకండి. పద్దెనిమిది నిండాక ఆ అమ్మాయే కాగితం మళ్ళీ చదివి, ఒప్పుకుంటేనే అగ్రిమెంట్ కొనసాగేలా ఒక వాక్యం చేర్చమని అడగండి. చేర్చం అన్నారంటే, ఆ కాగితం బల్ల మీదే వదిలేయండి.